షవర్ మోరీలో దొరికిన ఉంగరం

ఈ రోజు శుక్రవారం, వరల్డ్ కప్ స్టేడియం పనికి సెలవు. పొద్దున స్నానానికి వెళ్తే, మా కార్మికుల క్యాంప్ గదిలో షవర్ నీళ్ళు పోకుండా చీలమండల దాకా నిలిచి ఉన్నాయి. మెయింటెనెన్స్ వాళ్ళు రేపు గాని రామన్నారు. అందుకని నా పక్క మంచం సాయిలు, నేను కలిసి నీళ్ళు పోయే మోరీ మీది జాలి ఊడదీసి, ఇనుప తీగ వంచి లోపలికి తోశాం. వెంట్రుకల ముద్దతో పాటు ఒక బంగారు ఉంగరం పైకి వచ్చింది.

అది మా గదిలోనే ఉండే నర్సయ్యది. నాలుగు నెలల కింద పోయింది. అప్పుడు అందరూ సాయిలునే అనుమానించారు.

సాయిలు వెంటనే తీగ వదిలేసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వే తియ్ అన్నా. నేను ముట్టుకుంటే, నేనే ఇప్పుడు మోరీల ఏసిన అంటరు."

నేనే తీసి, కడిగి, నర్సయ్యకు ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్ని దినాలు మోరీలనే ఉన్నదా?" అన్నాడు. అడిగింది నన్నే గాని, చూసింది సాయిలు వైపు.

సాయిలు జాలి బిగించి, బాత్రూం అంతా కడిగాడు.

నర్సయ్య మీద కోపం వచ్చింది గాని, అతన్ని ఏమీ అనలేకపోయాను. నాలుగు నెలలుగా సాయిలుకు తెలియకుండా నా పెట్టెకు తాళం వేస్తున్నవాణ్ణి నేనూ.

సాయంత్రం సాయిలుకు చాయ్ తెచ్చిచ్చాను.

"ఎన్నడు లేంది ఇయ్యాల చాయ్ ఏందన్నా?" అని అనుమానంగా నా మొహంలోకి చూశాడు.

మీరైతే ఏం జవాబు చెప్పేవారు?