సూడి మేకల వెనక నా నడక

ఆ రోజు గీత వంకర పోయింది. నాకు కనిపించిన మొదటి లక్షణం అదే.

జహీరాబాద్‌లో భూముల కొలతల ఆఫీసులో నక్షలు గీయడం నా ఉద్యోగం. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, పొలం హద్దు ఒకటి గీస్తుంటే కలం ఉన్నట్టుండి జారింది. కలాన్ని అనుమానించి పాళీ మార్చాను. మళ్ళీ జారింది. తర్వాత సిరాను అనుమానించాను. బీఎస్సీ చదివినవాణ్ణి కాబట్టి కారణాలను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోయాను. చొక్కా తడిసి ముద్దయిందనీ, ఎడమ చెయ్యి లాగుతోందనీ, ఛాతీ మీద ఎవరో బియ్యం బస్తా దించి మరిచిపోయినట్టుందనీ చిట్టచివర గమనించాను.

"ఖాజామియా, జర ఫ్యాన్ ఎయ్యి" అన్నాను. ఖాజామియా గొలుసు పట్టుకుని పొలాలు కొలిచే మనిషి. ఆయన ఎండలో కొలిచి తెచ్చినదాన్ని నేను నీడలో కూర్చుని గీస్తాను.

"ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది సాబ్. గంత చెమట ఎందుకు పడుతున్నది మీకు? లేవుండ్రి, దవాఖానకు పోదాం."

"ఈ గీత అయిపోనీ."

"గీత యాడికి పోదు సాబ్. మీరే పోయేటట్టున్నరు."

ఊళ్ళో డాక్టర్‌గారు "గ్యాస్ కావచ్చు, అయినా ఈసీజీ తీద్దాం" అన్నారు. తీశాక గ్యాస్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ కాగితం మీది గీతలు చూశాను. వృత్తిరీత్యా నాకు నచ్చలేదు. "నడవొద్దు, మాట్లాడొద్దు, వెంటనే హైదరాబాద్ తీసుకుపోండి" అన్నారాయన. జీపులో రెండు గంటలకు పైగా ప్రయాణం. నా తల మా ఆవిడ సుశీల ఒళ్ళో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా "ఉన్నరా?" అని అడిగింది. ఉన్నానని చెయ్యి ఎత్తి చూపించాను. ఆ జవాబు మీద నాకూ అంత నమ్మకం లేదు.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్‌గారు "హార్ట్ అటాక్. ఇన్‌ఫీరియర్ వాల్, అంటే గుండె కింది గోడ. మైల్డ్" అన్నారు. మూడు వారాలు మంచం మీదే. నా పక్క మంచం మీద ఉన్నాయనకు కూడా మైల్డే అన్నారు. ఆయన నాలుగో రోజు మంచం ఖాళీ చేశాడు, ఇంటికి వెళ్ళి మాత్రం కాదు.

డిశ్చార్జ్ నాడు పెద్ద డాక్టర్‌గారు చెప్పింది ఇది: "రోజూ నడవాలి. లెవెల్ గ్రౌండ్ మీదే. ఎక్కడాలు వద్దు. ఛాతీ పట్టేస్తే ఎక్కడున్నా ఆగి, సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోండి. మూడు నెలల తర్వాత ట్రెడ్‌మిల్ టెస్ట్. అది బాగుంటేనే డ్యూటీ." బాగా లేకపోతే ఏమిటని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చాక నా పని ఒకటే, నాడి చూసుకోవడం. తేన్పు వస్తే భయం, రాకపోతే భయం.

"పొద్దటి సంది ఆరుసార్లు చూసిన్రు" అనేది సుశీల. "గడియారమన్న గన్నిసార్లు ఎవరు చూడరు."

నడక మొదలుపెట్టాను. ఇక్కడే తొలి చిక్కు వచ్చింది. మా ఊళ్ళో పనిలేకుండా నడిచే మనిషిని ఎవరూ ఊరికే వదలరు. "ఏడికి సారూ?" అంటారు. ఆగి జవాబు చెప్పాలి. చాయ్ తాగాలి. తాగుతుంటే వాళ్ళు నా జబ్బు గురించి అడిగి, ఇదే జబ్బుతో పోయిన తమ బంధువు గురించి చెబుతారు. "మా మేనమామకు గిట్లనే అయింది సారూ. మంచిగైండు అనుకున్నం. పండుగ నాడు పప్పు కలుపుకుంట కలుపుకుంట…" అర మైలు నడక ముగిసేసరికి నలుగురు చనిపోయేవారు. నేను ఇంటికొచ్చి నాడి చూసుకునేవాణ్ణి.

కనుక ఊరి బయట దారులు వెతికాను. బొంబాయి రోడ్డు లెవెలే, కానీ లారీలకు నా గుండె సంగతి తెలియదు. రైలు పట్టాల పక్క దారి మరీ లెవెలు, కానీ కంకర మీద అడుగు మడతపడుతుంది. కోహీర్ వైపు జామతోటల బాట బాగుంది, చల్లటి నీడ, మెత్తటి ఎర్రమట్టి. అక్కడ కావలివాళ్ళు జామకాయలు కోసిచ్చి, మేనమామల గురించి చెప్పారు.

చివరికి మా ఆఫీసు నక్షలే శరణ్యమనుకున్నాను. మొగుడంపల్లి వైపు నక్ష ఒకటి నేనే గీసింది. రోడ్డు నుంచి ఒక బండ్లబాట వాగు దాకా పోయి, అక్కణ్ణించి కాలిబాటగా మారి మళ్ళీ రోడ్డుకే వస్తుంది. స్కేలు పెట్టి చూశాను. మైలున్నర. ఇళ్ళు లేవు, మేనమామలు లేరు. ఖాజామియాను అడగవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. ఆ నేలంతా ఆయన నడిచి కొలిచిందే. కానీ నేను గీసిన దారి గురించి ఆయన్ని అడగడం ఏమిటనిపించింది.

సుశీలకు కాలేజీ రోడ్డుకని చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు, తను "నేనూ వస్తా" అంటుందని. బస్సెక్కి దారి మధ్యలో దిగాను.

వెళ్ళేటప్పుడు నడక ఎంత హాయిగా ఉందంటే, నాకు జబ్బు నయమైపోయిందనుకున్నాను. మోదుగ చెట్లు, ఎర్రరాళ్ళ మధ్య గడ్డి, ఎక్కడో నెమలి అరుపు. కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో వాగు దగ్గర తల వెనక్కి తిప్పినప్పుడు అర్థమైంది. రోడ్డు నా నెత్తి మీద ఉంది.

మా నక్షల్లో హద్దులుంటాయి, బావులుంటాయి, బాటలుంటాయి. ఎత్తుపల్లాలు ఉండవు. ఇరవై ఏళ్ళుగా గీస్తున్న నాకు ఆ సంగతి తెలియక కాదు. నా కాళ్ళకు తెలియదు.

వచ్చిన దారి కూడా ఇప్పుడు ఎక్కుడే. నక్షలోని కాలిబాట దగ్గర కదా అని దాన్నే పట్టుకున్నాను. నలభై అడుగులు వేశానో లేదో, బస్తా మళ్ళీ ఛాతీ మీద దిగింది. ఒక రాయి మీద కూలబడ్డాను. మాత్రల సీసా మూత చేతికి రాలేదు. పళ్ళతో తీశాను. మాత్ర నాలుక కింద పెట్టుకున్నాను. నేనిక్కడున్నానని లోకంలో ఎవరికీ తెలియదు. సుశీల నన్ను కాలేజీ రోడ్డులో వెతుకుతుంది. ఆ ఆలోచన నొప్పి కంటే ఎక్కువగా నొక్కింది.

పొదల్లోంచి మొదట మేకలు వచ్చాయి. వాటి వెనక ఒక ముసలామె, చేతిలో కర్ర, భుజాన సొరబుర్రలో నీళ్ళు.

"ఏం సారూ, గట్ల కూసున్నవ్? ఏమన్న పారేసుకున్నవా?"

"గుండె జబ్బు, అవ్వా."

"గుండె జబ్బుకు గుట్టలకు వచ్చినవా?"

"డాక్టర్ నడవమన్నడు."

"నడవమంటే గీడనే నడవమన్నడా?" అంటూ సొరబుర్ర వంచింది. "గోలి ఏసుకున్నవా? మంచిది. మాట్లాడకు. కూసో."

తనూ ఎదురుగా కూర్చుంది. మేకలు జొన్నచేను వైపు పోతుంటే అక్కణ్ణించే ఒక అరుపు అరిచింది. అవి ఆగాయి. నేను ఆగలేదు. "అవ్వా, నాకేమన్న అయితే జహీరాబాద్‌ల కొలతల ఆఫీసుకు…" అని మొదలుపెట్టాను.

"నేను ఎవ్వరికి ఏం జెప్ప. నువ్వే పోయి జెప్పుకో" అంది.

కాసేపటికి బస్తా బరువు తగ్గింది. తల పగిలిపోతోంది, ఆ మాత్ర చేసే పనే అది. లేచి, నక్షలో ఉన్న బాట వైపు చూశాను.

"గటు పోకు. గది మేకపోతులెక్కే బాట" అంది పెంటమ్మ. ఆమె పేరు అదని ఆ తర్వాత తెలిసింది. "నా మందల ఆరు సూడివి ఉన్నయ్. కడుపుల పిల్లలున్నయ్ గద, నిలువుగ ఎక్కిస్తే పడిపోతయ్. వాటిని చుట్టు తిప్పి తీస్కపోత. నువ్వు గూడ వాటి ఎనక రా. అవి ఆగితే ఆగు. అవి మేస్తే…" ఒక్క క్షణం ఆలోచించింది. "నువ్వు మెయ్యకు గని, నిలవడు."

ఆరు సూడి మేకల వెనక నడిచాను. గుట్ట చుట్టూ పాములా తిరిగే బాట అది, ఏ నక్షలోనూ లేదు. ఎక్కుతున్నట్టే తెలియలేదు. పది అడుగులకోసారి ఏదో ఒక మేక ఆగి ఆకు కొరికేది. నేనూ ఆగి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ప్రతి ఆగుడులోనూ బస్తా మళ్ళీ దిగుతుందేమోనని ఎదురుచూశాను. దిగలేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి గంట పట్టింది. బస్సు వచ్చేదాకా పెంటమ్మ కదల్లేదు.

బస్సు దిగి నేరుగా దవాఖానకే పోయాను. ఈసీజీలో కొత్త మార్పు లేదన్నారు ఊరి డాక్టర్‌గారు. "ఎక్కేటప్పుడు గుండె ఇట్లా పట్టేస్తే యాంజైనా అంటారు. ఎక్కొద్దని హైదరాబాద్‌ల చెప్పిన్రు కదా? మీ గుండె కన్నా ముందు మీ చెవులు చూడాలె." సంగతంతా విని సుశీల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పాండ్రి."

"ఏడికి?"

"గా మేకల అవ్వ దగ్గరికి. మీరు చెప్పిన తొవ్వల మీద నాకు నమ్మకం లేదు."

ఆ రోజు నుంచి ముగ్గురం నడిచాం. మేకలు కాక. పెంటమ్మ చూపించిన బాటలను ఇంటికొచ్చి గీసేవాణ్ణి. ఎక్కుడుకు ఎర్రసిరా, దిగుడుకు నల్లసిరా, కూర్చోదగ్గ రాయికి చుక్క. ఖాజామియా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇరవై ఏండ్లకు నేల మీద కాలు పెట్టిన్రు సాబ్. ముబారక్."

టెస్ట్ రోజు హైదరాబాద్‌లో ఒంటికి వైర్లు అతికించి ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టారు. కింద పట్టా కదిలింది. మూడు నిమిషాలయ్యాక, మిషన్ నడిపే పిల్ల "ఇప్పుడు స్లోప్ పెంచుతాను" అంది. వాగు దగ్గరి ఆ రాయే కళ్ళ ముందు నిలిచింది. కళ్ళు దించి, ముందు ఆరు మేకలు పోతున్నాయనుకున్నాను. పొట్టలు అటూ ఇటూ ఊపుకుంటూ, ఎవరి తొందరా పట్టనట్టు. వాటిని దాటకుండా నడిచాను. మళ్ళీ పెంచింది. అవి ఇంకాస్త మెల్లగా నడిచాయి. ఆపేశాక పెద్ద డాక్టర్‌గారు కాగితం చూశారు.

"పర్వాలేదే! డ్యూటీలో చేరొచ్చు. ఎక్కడ నడిచేవారు?"

"మేకల వెనక సార్."

ఆయన అది కూడా కేస్ షీట్‌లో రాశారో లేదో తెలియదు.

ఇది జరిగి నాలుగేళ్ళు. భయం పోయిందని చెప్పను. జేబు తడిమి సీసా చూసుకోనిదే గడప దాటను. నేను మరిచినా పెంటమ్మ మరవదు. "గోలి తెచ్చినవా?" అన్నాకే మేకలను కదిలిస్తుంది. ఆ ఆరింటి పిల్లలకు కూడా ఇప్పుడు పిల్లలున్నాయి.

నాలాంటి జబ్బుతో నడక మొదలుపెట్టేవారికి ఒకటే చెబుతాను. ఏ బాటైనా వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది. అడుగు వేసే ముందు, ఆ బాటన రోజూ నడిచే మనిషిని పట్టుకుని "తిరిగి ఎట్లా వస్తరు?" అని అడగండి. నాలాగా నక్షలు గీసేవాళ్ళను అడగకండి.