నీది ఏ గుంపు?

గల్ఫ్‌లో, మామీర్‌లోని మా కార్మికుల క్యాంపు తరఫున కంపెనీతో మాట్లాడటానికి ఒక మనిషిని ఎన్నుకుంటున్నాం. క్యాంపులో కరీంనగర్ వాళ్ళది ఒక గుంపు, నిజామాబాద్ వాళ్ళది ఇంకొకటి. ముందు ఒక్కో గుంపు తన మనిషిని తేల్చుకుంటుంది. తర్వాత ఆ ఇద్దరిలో ఒకరికి అందరం ఓటేయాలి.

ఈ రోజు కరీంనగర్ గుంపు వంతు. అందులో రాజన్న నిలబడ్డాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు డ్యూటీ మానుకుని ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న మనిషి. ఆయనకు ఓటేద్దామని మెస్ హాలుకు వెళితే తలుపు దగ్గర ఆ గుంపు మనిషి మల్లేశ్ ఆపాడు.

"నీది ఆదిలాబాద్ గదా అన్నా. ఆఖరి ఓటింగ్‌ల వెయ్యి."

"అప్పటికి రాజన్న పోటీల లేకుంటే ఎవలకెయ్యాలె?"

"గట్లయితే ఇయ్యాల్టి సంది మా గుంపుల ఉంటనని జెప్పి లోపలికి పో."

నా గదిలో ఉండేదంతా నిజామాబాద్ వాళ్ళే. రోజూ కలిసి వండుకుని తింటాం. ఆ మాట అనలేక బయటే ఉండిపోయాను. నాలాగే వేరే జిల్లాల వాళ్ళు మరో నలుగురు అక్కడే నిలబడ్డారు.

రాజన్న రెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. బయటికొచ్చి మమ్మల్ని చూసి, లోపలికి ఎందుకు రాలేదని అడిగాడు. జరిగింది చెప్పాను.

"ఒక్క మాటనే గద తమ్మీ, అనేస్తే అయిపోతుండె" అన్నాడు నవ్వుతూ.

ఆయన నవ్వాడు గానీ, నాకు మాత్రం ఈ పూట అన్నం సయించలేదు. మీరైతే ఆ మాట అనేవారా?