సుశీల కట్టిన తడక

ఇది మోయడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో లెక్క చూడటం మానేశాను. బరువు అనడం కూడా సరికాదేమో. చాలాసేపు ఒకేలా కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, అది మన కాలేనా అనిపిస్తుంది కదా, అలా ఉంటుంది. నొప్పి ఉండదు. మీకు నేను తెలియదు, నాకు మీరు తెలియదు. అందుకే చెబుతున్నాను.

మాది కంకిపాడు దగ్గర ఊరు. నేనూ, మా మరిది భార్య సుశీలా కలిసి గేదెల్ని చూసుకునేవాళ్లం. మేత కోసం కాలవ పక్కన జొన్న వేసి, నడుమ కంచె వేసి రెండు మడులు చేశాం. ఒకటి మేపుతుంటే రెండోది తేరుకోవాలి. కోసిన జొన్న మోళ్ల నుంచి లేత పిలకలు వస్తాయి. నీళ్లందక అవి వాడితే విషమెక్కుతాయి. దాన్ని నాము అంటారు. నాము తిన్న గొడ్డు దక్కడం కష్టం. కంచె మధ్యలో దారికి తడక పెట్టి, ఇనప తీగతో కట్టి ఉంచేది అందుకే.

ఆ వేసవిలో కాలవకు నీళ్లు ఆపేశారు. పిలకల మడి వాడిపోయింది. ఆ రోజు గేదెల్ని పక్క మడిలో మేపే వంతు సుశీలది. నేను చర్చిలో పెళ్లికి బయలుదేరాను. అప్పటికే ఆలస్యమైంది. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లడం ఎందుకని మడుల్లోంచి అడ్డంగా నడిచాను. సుశీల అప్పుడు అక్కడ కనబడలేదు. తడక తీగ విప్పి అవతలికి దాటాను. తీగ తుప్పు పట్టి ఉంది. నేను కట్టుకున్నది లేత రంగు పట్టుచీర. మళ్లీ మెలివేస్తే తుప్పు అంటుతుందని తడకను దగ్గరికి లాగి వదిలేశాను. సుశీల మీద నాకు పగ లేదు, అసూయ లేదు. పగ ఉన్నా బాగుండేదనిపిస్తుంది, చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. చీర మాసిపోతుందని, అంతే.

తిరిగి వచ్చేసరికి గేదె పడిపోయి ఉంది. సుశీల దూడప్పటి నుంచి పెంచుకున్నది, తొలిచూలుతో ఉంది. మంచినీళ్లకని ఆమె ఇంటికి వెళ్లొచ్చేలోపు తడక తోసుకుని పిలకల్లో పడిందట. పశువుల డాక్టరుగారు వచ్చేలోపే ప్రాణం పోయింది.

సుశీల ఏడవడం లేదు. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"అక్కా, పొద్దున్నే కట్టేనే. రెండు మెలికలేసేను. నువ్వు పెళ్లికి అటేపే ఎల్లుంటావు గదా, అప్పుడెలా ఉంది?"

"నేను రోడ్డు మీద నుంచి వెళ్లాను సుశీలా. అటు వెళ్లలేదు."

ఆమె తన చేతులు చూసుకుంది. "అయితే మర్చిపోయుంటాను," అంది.

నేను లోపలికి వెళ్లి చీర మార్చుకున్నాను. మిగతా గేదెలకు పాలు పితికాను. అన్నం కూడా తిన్నాను. ఏమీ అనిపించలేదు. అప్పుడు అనిపించనిది ఇప్పటికీ అనిపించడం లేదు. ఇది పశ్చాత్తాపమేనా? పశ్చాత్తాపం ఇంత చల్లగా ఉంటుందా? ఆదివారం ప్రార్థనలో నా పాపాలు క్షమించమని అందరితో కలిసి అంటాను. ఈ ఒక్కటీ పేరుపెట్టి ఎన్నడూ చెప్పలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో అదొక మాటైపోయింది. గేటు తీసి ఉన్నా, పచ్చడి జాడీ మూత సరిగా పడకపోయినా "సుశీల కట్టిన తడక" అనేది మా అత్తయ్య. మెల్లగా పిల్లలూ అనేవారు, చుట్టాలూ అనేవారు. సుశీల కూడా నవ్వేది. నేనూ నవ్వాను. అబద్ధం భయంతో ఆడాననుకున్నా, ఆ నవ్వుకు ఏం చెప్పను? నేను మాత్రం జాగ్రత్త గలదాన్ననిపించుకున్నాను. ఏ మడిలో గొడ్లను వదలొచ్చో, ఏది ఇంకొన్నాళ్లు ఆపాలో ఊళ్లోవాళ్లు వచ్చి నన్నే అడుగుతారు. జంకు లేకుండా చెబుతాను.

సుశీల మళ్లీ గొడ్డును ముట్టుకోలేదు. ఇప్పుడు గవర్నర్‌పేటలో బట్టల కొట్లో పనిచేస్తోంది. రోజూ పొద్దున బస్సుకు వెళ్లేముందు ఇంటికి తాళం వేసి లాగుతుంది, నాలుగడుగులు నడిచి వెనక్కొచ్చి మళ్లీ లాగుతుంది. అప్పుడు పక్క వాకిట్లో ఉన్న నన్ను పిలుస్తుంది. "అక్కా, నువ్వొకసారి లాగి చూడవా? నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు."

లాగి చూస్తాను. ఎప్పుడూ బాగానే పడి ఉంటుంది. "పడింది, వెళ్లు" అంటాను. ఆమె ముఖం తేటపడుతుంది. ఇన్నేళ్లుగా ఆమెకు ధైర్యం చెబుతున్నది నా చెయ్యే. నిజం చెబితే ఆ కాస్త ధైర్యం కూడా పోతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది ఆమె కోసమా, నా కోసమా? నాకోసమే.

రేపు కూడా పిలుస్తుంది. వెళ్తాను. చెబుతానో లేదో తెలియదు, మీకు మాటివ్వలేను. కానీ ఇప్పటిదాకా ఎక్కడా అననిది ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు తీగ విప్పింది నేను. సుశీల తడక కట్టింది. రెండు మెలికలు వేసే కట్టింది.