చూసి చదివిన పిల్ల

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు. డిగ్రీ చేతికొచ్చి, నేను అడుగుపెడితే చాలు ఏ బడైనా బాగుపడిపోతుందని నమ్మిన రోజులు. లాలాగూడలో ఒక సర్కారు బడిలో, మూడో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లలకు భోజనాలయ్యాక చదువు నేర్పే పని దొరికింది. (దాన్ని ఉద్యోగమనొచ్చా అని మా నాన్నకు ఇప్పటికీ అనుమానమే.) తీరా వెళ్లి చూస్తే అందరూ పాఠం గడగడా చదివేస్తున్నారు! ఒకడైతే పుస్తకం తలకిందులుగా పట్టుకుని, వరసల కింద వేలు జరుపుతూ, ఎక్కడా తడబడకుండా కానిచ్చాడు. బడి తెరిచినప్పటి నుంచి ఒకరు చెప్పడం, మిగతావాళ్లు గొంతెత్తి అరవడం. అలా పాఠమంతా నోటికొచ్చేసింది. అందులోంచి ఒక్క మాట చూపించి ఇదేమిట్రా అంటే మాత్రం ఫ్యాను వంక చూసేవాళ్లు.

వాళ్లలో ఒక పిల్లను అందరూ టమాట అనేవారు. వాళ్ల నాయన బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల బస్తాలు మోసేవాడు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "బట్టీ పట్టింది చెప్పకు బిడ్డా, కండ్లకు కనబడిందే చదువు" అని రోజూ సతాయించాను. "గిట్ల చదివితే తెల్లారుతది టీచర్" అని విసుక్కునేది. దసరా సెలవులయ్యాక ఒక రోజు పరుగెత్తుకొచ్చి, "టీచర్, ఆటో ఎనక 'నన్ను చూసి ఏడవకు' అని రాసుంది. ఎవరు ఏడుస్తున్నరు?" అని అడిగింది. తనంతట తాను చదివిన మొదటి మాటలవి. ఆ రోజు నా కాలు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

అంతలో పిల్లలు ఎలా చదువుతున్నారో చూడడానికి పైనుంచి ఒక సారొచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో టైమరు. చదవమని ఇచ్చింది ఏ పాఠమనుకున్నారు? పిల్లలు రోజూ అరిచే పాఠమే! "సార్, వేరే పేజీ ఇవ్వండి, వీళ్లకిది నోటికొచ్చు" అన్నాను. "పైనుంచి ఇదే ఇచ్చిన్రమ్మా, మనమేం జేస్తం" అన్నారాయన. ఒక్కొక్కరూ వచ్చి అప్పజెప్పి, శభాష్ అనిపించుకుని పోయారు. తలకిందుల వీరుడికి చప్పట్లు కూడా. (పుస్తకం తిప్పి పట్టుకోమని చెప్పబోతే పెద్ద టీచరమ్మ నన్ను గిల్లింది.) టమాట వంతొచ్చింది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని, చెమటలు కక్కుతూ రెండు వాక్యాలు చదివేసరికి టైమరు మోగింది. "ఏందమ్మా, గింత స్లోనా? ఈమెకు చదువుడు రాదు" అని రాసేసుకున్నారు సారు. మిగతా అందరికీ వచ్చినట్టే కాబట్టి, ఒక్క పిల్ల కోసం క్లాసెందుకని దాన్ని ఎత్తేశారు. నా ఒళ్లు మండిపోయింది. ఆ గదిలో నిజంగా చదివింది ఆ పిల్లొక్కతే, చదువు రాదని రాయించుకున్నదీ ఆ పిల్లొక్కతే.

నేను వెళ్లిపోతుంటే టమాట గేటు దగ్గర నా చున్నీ పట్టుకుంది.

"టీచర్, నాకు సుత అదంతా నోటికొచ్చు. మీరు చూసి చదువుమన్నరని చెప్పలే."

"మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాను.

"మరి నేనొక్కదాన్నే ఎందుకు ఫేలైన?"

ట్రైనింగులో నేర్పిన జవాబులన్నీ వెతుక్కున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. జవాబు మాత్రం ఇంకా దొరకలేదు.