నీళ్లలో ముంచిన పెనం

మా నాన్న కుల్చారంలో కమ్మరి. కొలిమి పక్కనే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఇనుము గురించి ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్లు మండేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఆ పొగరు కూడా ఒకటి. మిగతావన్నీ ఎప్పుడో అరిగిపోయాయి గానీ అది చాలాకాలం చెక్కుచెదరలేదు.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడెనిమిదేళ్లకు, మెదక్‌లో వడ్రంగి పని చేసే ఆయనకు నన్ను రెండో పెళ్లికి ఇచ్చారు. మొదటి భార్య జ్వరంతో పోయి అప్పటికి ఏడాది దాటింది. ఇంట్లో అత్తమ్మ, ఆరేళ్ల కూతురు. అత్తమ్మ మంచిదే, మాట తక్కువ. పిల్ల మాత్రం నన్ను ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. నా గురించి చెప్పాల్సి వస్తే "గామె" అనేది. నేను వండిన అన్నం తినేది, కూర తినేది. నా జొన్నరొట్టె మాత్రం ముట్టేది కాదు. కంచంలో వేస్తే పక్కకు నెట్టేసి, "గిది మా పెనం మీద చేసింది కాదు" అనేది. నాది రేకు పెనం, పెళ్లప్పుడు కొత్తగా కొన్నది.

వాళ్ల పెనం పెరట్లో, పిడకలు దాచే కొట్టంలో ఉండేది. మొదటావిడ ఏడుపాయల జాతరలో ముచ్చటపడి కొనుక్కుందట. పోత ఇనుముది, రెండు చెవులున్నది, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఆ ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులు పొయ్యి మీద పెనం పెట్టరు. ఆవిడ పోయినప్పుడు అలాగే దించి కొట్టంలో పెట్టారు. పదకొండు రోజులు గడిచాక దాన్ని బయటికి తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. రెండు వానాకాలాలు కప్పు కారి, లోపలంతా ఎర్రగా తుప్పు పట్టింది. అడుగున పాత మసి, జిడ్డు కలిసి వేలు మందాన పేరుకుపోయింది.

ఏడాది పాటు ఆ పిల్ల నెట్టేసిన రొట్టెలు నేనే తిన్నాను. ఒకరోజు ఉక్రోషం ముంచుకొచ్చింది. నీకు ఆ పెనమే కావాలా, సరే, దాన్నే తళతళా తోమి నీ ముందు పెడతాను, అప్పుడు తినక ఎక్కడికి పోతావో చూస్తాననుకుంటూ కొట్టంలోంచి దించాను. ప్రేమతో దించానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

పెనం కనపడగానే పిల్ల పరుగున వచ్చింది.

"గిది పొయ్యి మీద పెడ్తవా?"

"పెడ్త. జర తుప్పు పోనియ్యి."

అంతే, ఆ రోజు నుంచి బడి విడవగానే నా పక్కనే వచ్చి కూర్చునేది. పులిసిన గంజిలో పెనం నానబెట్టాం. ఇటుక ముక్కతో, మంజీర ఇసుకతో, చింతపండు పిప్పితో రుద్దాం. వేళ్లు ఎర్రగా కందినా పిల్ల ఆగేది కాదు. "మా అమ్మ కొంగు తోని గీ చెవి పట్కొని దించుతుండె" అని చేసి చూపించేది. నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆరు రోజులు నేను లోలోపల మురిసిపోయాను. పెనం సంగతి ఎలా ఉన్నా పిల్ల మాత్రం నాకు దక్కిందనుకున్నాను.

లోపలి తుప్పు వదిలింది గానీ అడుగు మసి కదల్లేదు. మా గోడ అవతల, గిన్నెలకు కళాయి పూసే ఆయన భార్య ఉండేది. పెద్దావిడ, నేను ఖాలా అని పిలిచేదాన్ని. ఆవిడ గోడ మీంచి చూసి ఉపాయం చెప్పింది.

"పిడకల మంటల పెట్టు బిడ్డా, మసంత కాలి రాలిపోతది. గని దీని తోని జల్ది పనికిరాదు. బూడిదల్నే ఉండనియ్యి, దానంతట గదే సల్లారాలె. గప్పుడు నూనె రాయి."

"ఖాలా, కమ్మరోళ్ల బిడ్డకు ఇనుము సంగతి చెప్తున్నరా?" అని నవ్వాను.

ఆవిడా నవ్వింది. "నీ ఇష్టం తల్లీ. గని గిది మీ నాయిన కొట్టే ఇనుము కాదు" అంది. ఆ మాట నా చెవికెక్కలేదు.

ఆదివారం చర్చి గంటలు కొట్టే వేళకు పెరట్లో పిడకలు పేర్చి, నడుమ పెనం బోర్లించి నిప్పు పెట్టాను. మధ్యాహ్నానికి మసి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి పెనం ఎర్రగా కాలింది. పిల్ల అప్పటికే జొన్నపిండి పళ్లెంలో పోసుకుని పొయ్యి దగ్గర సిద్ధంగా పెట్టి వచ్చింది. "అయిందా? ఇగ పెడ్దామా?" అని నిమిషానికోసారి అడుగుతోంది. ఆ మొహం చూసి నాకూ ఓపిక పోయింది.

మా నాన్న ఎర్రగా కాలిన కొడవలిని పట్టకారుతో తీసి నీళ్ల తొట్టిలో ముంచడం ఊహ తెలిసినప్పటి నుంచీ చూశాను. కాలిన ఇనుము నీళ్లలో మునిగితే గట్టిపడుతుందని నాకు తెలుసు. నాకు తెలిసింది అంతవరకే. పట్టకారుతో చెవి బిగించి పట్టి, పెనాన్ని ఎత్తి మా పెరట్లోని నీళ్ల తొట్టిలో ముంచాను.

బుస్సుమని ఆవిరి లేచింది. లోపల టక్కుమని చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. పైకి ఎత్తేసరికి సగం పెనమే వచ్చింది. రెండో సగం తొట్టి అడుగున ఉంది.

తర్వాత ఆ ముక్కలు మూటగట్టుకుని మా నాన్న దగ్గరికి వెళ్లాను. "పోత ఇనుము అతకదు బిడ్డా. కాలినదాన్ని ముంచితె పగులుతది. నన్నొక్క మాట అడగకపోతివి" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

పెనం పగిలిన ఆ మధ్యాహ్నం పిల్ల ఏడవలేదు. తొట్టిలోకి వంగి చూసి, "ఇగ మా అమ్మ ఎట్లొస్తది?" అంది.

నాకు అర్థం కాలేదు. గడప మీద కూర్చున్న అత్తమ్మ తల పట్టుకుంది. కోడలు పోయిన కొత్తలో పిల్ల అమ్మ కావాలని ఒకటే ఏడుపట. ఊరుకోబెట్టలేక, "పెనం మళ్ల పొయ్యెక్కిన నాడు మీ అమ్మ వస్తది, ఏడ్వకు" అని చెప్పిందట.

"ఎన్నడో మర్సిపోయిందనుకున్న" అంది అత్తమ్మ. "నేనే మర్సిపోయిన."

పిల్ల మర్చిపోలేదు. రెండేళ్లుగా ఆ కొట్టం వైపు చూస్తూ, నా రొట్టెలు పక్కకు నెడుతూ, కాచుకుని ఉంది. ఆ ఆరు రోజులూ వేళ్లు నొప్పెట్టేలా రుద్దింది వాళ్లమ్మ కోసం. అదంతా నా మీద ప్రేమేనని మురిసిపోయినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పళ్లెంలో పోసిన పిండి పారెయ్యబుద్ధి కాక, సాయంత్రం నా రేకు పెనం మీదే రొట్టెలు చేశాను. ఒకటి కంచంలో వేసి, నెట్టేస్తుందని చూస్తూ కూర్చున్నాను. నెట్టలేదు. తల వంచుకుని, తుంచి, పప్పులో అద్దుకుని మొత్తం తింది. అత్తమ్మ గోడ వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. చివరి ముద్ద గొంతుకు అడ్డం పడిందేమో, పిల్ల నా వైపు చూసి, "అమ్మా, నీళ్లు" అంది.

ఆ పిలుపు కోసం ఏడాదిగా నేను మొక్కని దేవుడు లేడు. ఆ పూట మాత్రం, ఎప్పటిలాగే వాళ్లమ్మ కోసం కాచుకుని కంచం పక్కకు నెట్టేసి ఉంటే ఎంత బాగుండేదని ఏడుస్తూ, నీళ్లు ముంచి ఇచ్చాను.