గ్లవ్స్ వేసుకుని తోమిన పక్షులు

2011 మార్చి 6, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. పంతొమ్మిదేళ్లుగా దేశీయ పక్షుల స్మారక నాణేలను సేకరిస్తున్న ప్రయోగశాల సహాయకుడు, మర్నాటి ప్రదర్శన కోసం పెట్టె తెరిచి కొయ్యబారిపోయాడు. నాణేలు అద్దాల్లా మెరుస్తున్నాయి.

“వారం రోజులు పళ్లపొడితో తోమాను మరిదీ,” అంది వదిన. “వట్టి చేత్తో ముట్టుకోవద్దన్నావుగా, నీ గ్లవ్సే వేసుకున్నాను. ఇన్నాళ్లకి నీ పిట్టలకి స్నానం.”

అతను భూతద్దం తీశాడు. పాలపిట్ట రెక్క మీది సన్నని గీతలు అరిగిపోయాయి. కొంగకు కన్ను లేదు. తోమిన నాణేలను ప్రదర్శనకు అనుమతించరు.

“అన్నీ తోమేశారా వదినా?”

“పొడి అయిపోయి కొన్ని మిగిలాయి. ఏమనుకోకు.”

అరవై రెండు నాణేలనూ ఒక్కొక్కటిగా పరీక్షించి, తోమనివి పక్కన పెట్టాడు.

మూడు.