కౌన్సెలింగ్ అంటే ఎక్కడండి?

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా పాపిట పక్కన రూపాయి బిళ్ళంత చోట జుట్టు లేకుండా పోయింది. మొదట చూసింది మా ఆవిడే. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు జడ వేస్తూ, "ఏవండీ, ఒకసారి ఇట్టా రండి" అని పిలిచింది. నేను గడ్డం గీసుకుంటున్నవాణ్ణి సబ్బు మొహంతోనే వెళ్ళి చూశాను. ఆ చోటు పూర్తిగా నున్నగా లేదు. బియ్యపు గింజలంత వెంట్రుకలు అక్కడక్కడ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"పేనుకొరుకుడు" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకున్నాను. అమ్మాయి మాత్రం తల్లి చేతిలోంచి దువ్వెన తీసుకుని మిగతా జడ తనే వేసుకుంది.

మాది జగ్గయ్యపేట. ఊరి బయట సున్నపురాయి క్వారీలో నేను కాటా గుమస్తాని. లారీ కాటా ఎక్కుతుంది, బరువు చూసి చీటీ ఇస్తాను, దిగి వెళ్ళిపోతుంది. మా ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఊళ్ళో పిల్లల బరువులు చూడటం, ఎవరికి ఏం తినిపించాలో తల్లులకు చెప్పడం తన పని. మాకు ఒక్కతే కూతురు.

ఉల్లిపాయ రసం రాశాం. మందారాకు నూరి పెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె నలభై రోజులు రాశాం. అన్నిటికీ అమ్మాయి బుద్ధిగా కూర్చునేది. ఆ చోటు మాత్రం తగ్గకపోగా అరచేయంత అయింది. బడికి వెళ్ళేటప్పుడు మా ఆవిడ పక్క జుట్టు దాని మీదకి దువ్వి నాలుగు పిన్నులు పెట్టేది.

చివరికి నందిగామలో చర్మాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "ఇది పేనుకొరుకుడు కాదండి. ఇవి ఊడిన వెంట్రుకలు కాదు, పీకినవి" అన్నాడు.

"ఎవరు పీకారండీ?" అని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, ఆ క్షణంలో నిజంగానే బళ్ళో ఎవరో పిల్లలు పీకుతున్నారేమో అనుకున్నాను.

ఆయన అమ్మాయి వైపు తిరిగి, "నువ్వేనా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. అమ్మాయి తల దించుకుంది.

"కొంతమంది పిల్లలకి ఉంటుందండి. తిట్టకండి, కొట్టకండి. మందు రాస్తే పోయేది కాదు. కౌన్సెలింగ్ ఇప్పించండి. మీరిద్దరూ కూడా తీసుకోవాలి."

ఎక్కడ ఇప్పించాలో అడిగేలోపు తర్వాతి వాళ్ళు తలుపు తోసుకుని లోపలికి వచ్చేశారు.

తిరుగు బస్సులో అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక అడిగాను.

"ఎందుకమ్మా?"

"తెలీదు నాన్నా."

"నొప్పి పుట్టదా?"

"పీకాక బాగుంటది. తర్వాత బాగోదు" అంది.

ఆ మాటకి అర్థమేంటో ఇప్పటికీ పూర్తిగా తెలిసిందని చెప్పలేను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నమ్మలేదు. డాక్టరుకేం తెలుసంది. మర్నాడు అమ్మాయి బడికెళ్ళాక ఇల్లు సర్దుతుంటే తనకే సోషల్ పుస్తకంలో పేజీకీ పేజీకీ మధ్య వెంట్రుకలు కనిపించాయి. దిండు గలీబులో కూడా ఉన్నాయి. నేను మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఊళ్ళో పిల్లలందర్నీ చూస్తన్నా. నా పిల్ల ఏం చేస్తందో నాకే తెలీలేదు" అంది. ఆ రోజు నుంచి తనకి ఒకటే భయం పట్టుకుంది. ఈ సంగతి తన సెంటరుకొచ్చే తల్లులకి తెలిస్తే తన మాట ఇంక ఎవరు వింటారని.

అందుకని వెతికే పని నా మీద పడింది. కౌన్సెలింగ్ అన్న మాట నాకు కొత్తది కాదు. కానీ ఎక్కడ దొరుకుతుందో ఎవర్నడగాలో తెలియలేదు. ముందు బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి తల తిప్పకుండానే, "ఇంజనీరింగా అండీ, డిగ్రీనా? ర్యాంకు కార్డు తెచ్చారా?" అంది.

"సీటుకి కాదమ్మా. పిల్లలకి... అంటే పిల్లల గురించి తల్లిదండ్రులకి."

అప్పుడు నావైపు చూసింది. "అలాంటిది ఆన్‌లైన్‌లో ఉండదనుకుంటానండీ" అంది మర్యాదగానే.

క్వారీలో ఒక లారీ డ్రైవరు, పోలీసు స్టేషన్లో కౌన్సెలింగ్ ఇస్తారని, వాళ్ళ చెల్లికీ బావకీ అక్కడే ఇచ్చారని చెప్పాడు. రెండు రోజులు తటపటాయించి వెళ్ళాను. గేటు దగ్గర మహిళా కానిస్టేబుల్ ఏం కావాలని అడిగితే కౌన్సెలింగ్ అన్నాను.

"మీ ఆవిడ వచ్చిందా?"

"లేదండి. గొడవ ఆవిడతో కాదండి."

"మరి ఎవరితో?"

మా అమ్మాయి అన్నాను, జుట్టు అన్నాను, డాక్టరు అన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఇది మాది కాదండి, భార్యాభర్తలదైతే మేం చూస్తాం. గవర్నమెంటు ఆసుపత్రిలో అడగండి" అంది. బయటికి వస్తుంటే తెలిసినాయన ఎదురై, ఏంటి స్టేషన్‌కొచ్చావన్నాడు. బండి కాగితాలన్నాను. ఎందుకు అబద్ధమాడానో నాకే అర్థం కాలేదు.

ఆసుపత్రిలో చీటీలు రాసే చోట ఒక నర్సమ్మ నా మాట సగం విని, "నందిగామలో పిల్లల తల్లిదండ్రులు నెలకోసారి శనివారం కలుస్తారంటండి, బళ్ళో ఒక గదిలో. మీరడిగేది అదేనేమో, వెళ్ళి చూడండి" అంది. ఏ బడో కాగితం మీద రాసిచ్చింది.

ఆ శనివారం ఒక్కణ్ణే వెళ్ళాను. మా ఆవిడ రానంది. గది తలుపు తీసే ఉంది. లోపల పదిమంది దాకా పెద్దవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఒక పాప నిలబడలేక తల్లి మీద ఒరిగి ఉంది. ఇంకో పిల్ల గోడ పక్కన అదే పనిగా అటూ ఇటూ నడుస్తోంది. వాళ్ళంతా పుట్టుకతోనే ఇబ్బందులున్న పిల్లల తల్లిదండ్రులు. నేను తప్పు చోటికి వచ్చానని అర్థమైంది. చెప్పులు విప్పిన వాణ్ణి మళ్ళీ తొడుక్కున్నాను.

"రండి, కూర్చోండి" అంది ఆ గది చూసుకునే టీచరమ్మ.

"నేను వేరే పని మీద వచ్చానండి."

"ఫరవాలేదు, ఎండలో వచ్చారు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

కూర్చున్నాను. నా పక్కనున్నావిడది వత్సవాయి వైపు పల్లె. పత్తి చేలకి కూలికి పోతుందట. పదేళ్ళ కూతురు ఆవిడ ఒళ్ళోనే పడుకుని ఉంది. ఆవిడ నావైపు తిరిగి మామూలుగా, ఏ ఊరని అడిగినట్టే అడిగింది. "మీ బిడ్డకేంటండి?"

నా కూతురు నడుస్తుంది, మాట్లాడుతుంది, క్లాసులో రెండో ర్యాంకు. ఆవిడ ముందు ఏమని చెప్పను?

"జుట్టు పీక్కుంటదండి" అన్నాను చివరికి. నవ్వుతుందనుకున్నాను. కోపం వచ్చినా వస్తుందనుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. "అయ్యో, మంట పుట్టదా చిట్టితల్లికి?" అంది. తర్వాత, "మీరు అన్నం తింటన్నారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నం తినకపోవడమేం లేదు, మూడు పూటలా తింటూనే ఉన్నాను. మరి ఎందుకు ఏడుపొచ్చింది? ఆ రోజు అక్కడ నా సమస్యకి పరిష్కారమేదీ దొరకలేదు. వాళ్ళు పింఛను కాగితాల గురించీ, ఫిజియోథెరపీ గురించీ మాట్లాడుకున్నారు. అయినా రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. లేచేటప్పుడు టీచరమ్మ, గురువారాలు విజయవాడ నుంచి ఒక కౌన్సెలరు వస్తారని, ఇక్కడే ఒక మందుల షాపు పై గదిలో చూస్తారని చెప్పి నంబరు ఇచ్చింది.

ఫోన్ చేస్తే ఆ కౌన్సెలరు, "మొదటిసారి పాపను తీసుకురావద్దు. మీరిద్దరే రండి" అంది. జబ్బు పిల్లకైతే మమ్మల్ని రమ్మంటుందేమిటని ఇద్దరం బస్సులో అనుకుంటూనే వెళ్ళాం. ఆవిడ మా కంటే చిన్నది. నోటు పుస్తకం తీసి మా ఆవిడని అడిగింది. "ఇంట్లో పాప తల గురించి రోజుకి ఎన్నిసార్లు మాట్లాడతారండి?"

"ఎక్కువేం మాట్లాడమండి" అంది మా ఆవిడ.

"ఎన్నిసార్లు చూస్తారు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున లేవగానే మా ఆవిడ చూస్తుంది. అన్నం దగ్గర నేను చూస్తాను. బడి నుంచి గుమ్మంలో అడుగు పెట్టగానే ఇద్దరం ముందు తలే చూస్తాం, తర్వాతే మొహం.

"రెండు వారాలు చూడకండి. చెయ్యి తల మీదకి పోయినా ఆపకండి, అడగకండి. మిగతా విషయాలు మాట్లాడండి. తర్వాత పాపతో నేను మాట్లాడతాను" అంది.

కిందికి దిగాక మా ఆవిడ రోడ్డు మీదే ఆగిపోయింది. "తప్పు మనదే అంటందా ఆవిడ?"

"అట్టా అనలేదు గదా."

"మరేమందండీ?"

"నాకూ అర్థం కాలా."

ఆ రెండు వారాలు నేను పడ్డ అవస్థ చెప్పలేను. పిల్లని చూడకుండా ఉండాలంటే ఎక్కడ చూడాలి? మాట్లాడమన్నారు గాని ఏం మాట్లాడాలి? మార్కులా? తల గురించి వద్దంటే మా దగ్గర మాటలే లేవని అప్పుడు తెలిసింది. నేను క్వారీ కబుర్లు మొదలుపెట్టాను. పేలుడుకి ముందు సైరన్ మోగగానే మా క్వారీ కుక్క అందరి కంటే ముందు ఆఫీసు బల్ల కింద దూరడం గురించి చెప్పాను. అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి తల మీదకి పోయింది. మా ఆవిడ చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది.

తర్వాత అమ్మాయి కూడా నందిగామ వచ్చింది. లోపల వాళ్ళేం మాట్లాడుకున్నారో మేం అడగలేదు. చదువుకునేటప్పుడు వేళ్ళకి వేరే పని ఉండాలని, గోనెసంచి పీచు విడదీస్తూ చదవడం మొదలుపెట్టింది. ఇల్లంతా పీచే. రెండు నెలలకి ఆ చోట నల్లగా నూగు కనిపించింది. బాగైపోయిందనుకున్నాం. పదో తరగతి పరీక్షల ముందు చెవి వెనక ఇంకో చోట మొదలైంది. మేం మళ్ళీ హడలిపోతే కౌన్సెలరు హడలిపోలేదు. తగ్గుతుంది, పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది అంది. ఎప్పటికి పూర్తిగా పోతుందంటే చెప్పలేనంది. తెలియదని తిన్నగా చెప్పినందుకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, నమ్మకమూ కుదిరింది.

శనివారాలు బళ్ళో గదికి వెళ్ళడం నేను మానలేదు. నాకక్కడ ఏం పని అంటే చెప్పలేను. మా పిల్లకీ వాళ్ళ పిల్లలకీ పోలికే లేదు. వత్సవాయి ఆవిడ ప్రతిసారీ పక్కన చోటు చూపిస్తుంది, నేను కూర్చుంటాను. ఈ మధ్య మా ఆవిడ కూడా వస్తోంది. మొదటి రోజు కొంగు తల మీదుగా కప్పుకుని మూల కూర్చుంది. రెండో నెలకల్లా బరువు పెరగని పిల్లకి ఏం పెట్టాలో ఎవరికో చెబుతూ కనిపించింది.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పోయిన శనివారం మేం బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి అడిగింది.

"నాన్నా, అక్కడ నా గురించి ఏం చెప్తారు?"

నేను తడబడ్డాను. "జుట్టు సంగతి చెప్పా. ఇంకేం చెప్పలా. చెప్పొద్దంటే మానేస్తా అమ్మా."

"చెప్పండి. కానీ నేను చిన్నప్పుడు అట్టా చేసేదాన్నని చెప్పకండి. ఇప్పుడూ చేస్తన్నానని చెప్పండి" అంది.

ఎందుకలా చెప్పమందో మా ఇద్దరికీ తెలియలేదు. సరేనన్నాను. మా ఆవిడ చెప్పులు తొడుక్కుంది. ఆటో వాడు హారన్ కొడుతున్నాడు.